దొరకు వీపు చూపిన పిల్లి

దొరల మీద పోరాటం జరిగిన రోజుల ముచ్చట చెప్పమని మా ఇంటికి వచ్చేవాళ్లందరికీ తుపాకి కావాలి. మా ఇంట్లో తుపాకి ఎక్కడిది? మా ఇంట్లో ఉన్నవి పిల్లులు. ఆ మాట చెప్పగానే మొహాలు మాడ్చుకుని, పోసిన చాయ్ సగంలో వదిలేసి లేచిపోతారు. పోతే పోనీ. పాలకుర్తి బస్సు ఎక్కే చోటు కూడా నేనే చూపిస్తాను. ఉండి వినేవాళ్లకు చెబుతాను.

మా మామ పేరు కాటమయ్య. కల్లు గీసేవాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆయన మోకాళ్లు పట్టేసి చెట్టెక్కడం మానేశాడు. కాబట్టి నేను చెప్పేదంతా మా అత్త బుచ్చి నోట విన్నదే. ఆమె చెబుతుంటే ఆయన పక్కనే కూర్చుని "అవద్దం, అంత అవద్దం" అంటుండేవాడు. ఆమె ఎక్కడైనా మరిచిపోతే మాత్రం ఆ ముక్క తనే అందించేవాడు.

మామ ఎలాంటి మనిషంటే, చెట్టు మీద పులి, నేల మీద పిల్లి. ఈదురుగాలికి తాటిచెట్టు ఊగుతున్నా నడుముకు చుట్టిన మోకుతాడును నమ్ముకుని వెనక్కి వాలి, పాట పాడుకుంటూ గీసేవాడు. కిందికి దిగాక ఎవరైనా గట్టిగా దగ్గితే ఉలిక్కిపడేవాడు. గడీ వైపు నుంచి మనిషి వస్తున్నాడని తెలిస్తే చాలు, ఆ మనిషి మూల తిరగకముందే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు.

గడీ అంటే మా ఊరి దొర ఇల్లు. ఇల్లు అంటే ఇల్లు కాదు, చిన్న కోట. ఊళ్లో ఏ కులం వాళ్లు ఆ కులం పని అక్కడ ఊరికే చెయ్యాలి. దాని పేరు వెట్టి. మా వాళ్లు కల్లు పోయాలి. దొర ముందుకు పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవాలి, నడుం వంచాలి. తిరిగి వచ్చేటప్పుడు అన్నిటికంటే పెద్ద మర్యాద ఒకటుంది: దొరకు వీపు చూపకూడదు. మొహం ఆయన వైపే పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పెద్ద దర్వాజా దాటాలి. మా మామ ఆ విద్యలో ఆరితేరాడు. మెట్లు, గడపలు, అడ్డంగా పడుకున్న బర్రె, అన్నీ వెనక కళ్లున్నట్టు తప్పించుకుని వచ్చేవాడట. "మీ మామ లెక్క ఎన్కకు నడిసెటోడు తాలూకల లేడు" అనేది అత్త. ఆయన దాన్ని పొగడ్తే అనుకునేవాడు.

ఇక పిల్లులు. అవి ముద్దు కోసం చేరినవి కావు, మోకు కోసం చేరాయి. మోకు మెత్తగా ఉండాలని ఆముదం రాస్తారు. ఆ వాసనకు ఎలుకలు వస్తాయి. మామ తండ్రి మోకును అలాగే ఎలుక కొరికింది. ఆయన చూసుకోకుండా చెట్టెక్కాడు. అంతకు మించి ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అప్పటి నుంచి దూలానికి వేలాడే మోకు కింద పిల్లి లేకుండా మామ నిద్రపోలేదు.

ఆ రోజుల్లో మూడు పిల్లులుండేవి. పేర్లు పెట్టింది మా అత్త, అదే వచ్చిన తంటా. బూడిద రంగు మగపిల్లి అందరి ఇళ్లలోకీ దూరి ఎవరి కుండలో ఏముందో చూసి వచ్చేది కాబట్టి, ఊరి భూముల లెక్కలు రాసే అధికారి పేరే దానికీ పెట్టింది: పట్వారీ. తెల్లది తడి నేల మీద కాలు పెట్టేది కాదు, ఎవరో ఒకరు ఎత్తుకుని దాటించాలి. దాని పేరు దొరసాని. మూడోది నల్లగా, పొట్టిగా, గుండ్రంగా ఉండేది. అది ముంత. "గీ పేర్లు గడీల తెలిస్తె మన తోలు వొలుస్తరే" అని మామ నెత్తి కొట్టుకునేవాడు. గడీ మనుషులు కనబడితే పట్వారీని "ఓ బూడిదయ్యా" అని పిలిచేవాడు. పిల్లి ఆ పేరుకు ఒక్కసారీ పలకలేదు.

ఒక పొద్దున గడీ జీతగాడు రాజలింగు చేతికర్ర తిప్పుకుంటూ వచ్చాడు. మామ తలగుడ్డ అప్పటికే చంకలో ఉంది.

"ఓరి కాటిగా! గడీ వడ్ల కొట్టుల ఎలుకలు వడ్డయి. నీ కాడ మూడు పిల్లులున్నయట. అంగడి నాటికి ఒకదాన్ని తెచ్చి అప్పజెప్పు. దొర హుకుం."

"పిల్లికి గూడ వెట్టేనా రాజలింగన్నా?"

"నువ్వు చేస్తలేవా? నీ పిల్లి నీకంటె గొప్పదా?"

మామ తలగుడ్డను ఇంకో చంకలోకి మార్చుకుంటుండగా లోపల పట్వారీ పాలకుండ మీదికి ఎక్కినట్టుంది. బయట ఎవరున్నారో మా అత్తకు తెలియదు. "ఒరేయ్ పట్వారీ! దొంగ సచ్చినోడా! దిగుతవా, కాళ్లిరగ్గొట్టాల్నా!" అని ఒక్క కేక పెట్టింది. రాజలింగు అదిరిపడి తను కూడా తలగుడ్డ తీసేశాడు. పట్వారీగారు మా ఇంట్లో ఏం చేస్తున్నారో, మా అత్త ఆయన కాళ్లెందుకు విరగ్గొడుతోందో అడిగే ధైర్యం లేక, వచ్చిన దారినే గబగబా వెళ్లిపోయాడు.

మా వాళ్లకు ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఏ పిల్లిని ఇవ్వాలి? మామకు అన్నం సహించలేదు. ముగ్గురు బిడ్డల్లో ఒకరిని ఎంచమన్నట్టయింది ఆయన పని. చివరికి ఒక న్యాయం ఆలోచించాడు.

"దోస్తులను ఇడదీస్తె పాపం బుచ్చీ. ఏది ఏదానితోని దోస్తో సూసి, ఒంటిదాన్ని పంపుదం."

ఆలోచన మంచిదే. చిక్కంతా చూడటంలో వచ్చింది. దోస్తానా కనిపెట్టడంలో తనను మించినవాడు లేడని మామ నమ్మకం. కల్లు మండువలో పుట్టి పెరిగాడు కదా. అక్కడ ఎదురెదురుగా కూర్చుని, కళ్లల్లో కళ్లు పెట్టి, గొంతు చించుకుని అరుచుకునేవాళ్లు ప్రాణస్నేహితులు. ఒకరికొకరు వీపు తిప్పి, మాటా పలుకూ లేకుండా తాగి పోయేవాళ్ల మధ్య ఎక్కడో పొలం గెట్టు తగాదా ఉన్నట్టే. మనుషుల విషయంలో ఈ లెక్క ఎన్నడూ తప్పలేదట. అదే కొలత తెచ్చి పిల్లులకు పెట్టాడు, మా మహానుభావుడు.

అరుగు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాడు. అత్త పక్కనే బీరకాయ తరుగుతోంది. గడపకు అటు పట్వారీ, ఇటు దొరసాని కూర్చున్నాయి. ముక్కుకు ముక్కు ఎదురుగా, చూపు తిప్పకుండా, తోకల కొసలు మాత్రం ఆడిస్తూ.

"సూసినవా? ఎంత పావురమో, ఎంత ప్రేమో ఒకదాని మీద ఒకదానికి! రెప్ప గూడ కొడ్తలేవు."

ఇంతలో దొరసాని గొంతులోంచి సన్నగా "ఊఁ... ఊఁఁ..." అని మొదలైంది. పట్వారీ ఇంకొంచెం లావు గొంతుతో అందుకుంది.

"పాట గూడ కలిపి పాడుకుంటున్నయ్!"

"పాటనా గది? నాకైతే శాపనార్థాల లెక్క ఇనబడ్తాంది."

"నీకేం తెలుసే, గది రాగం."

అప్పుడు ముంత వచ్చింది. తోక నిట్టనిలువుగా లేపి, సరాసరి పట్వారీ దగ్గరికి పోయి నెత్తితో దాని దవడ మీద ఒక్క గుద్దు గుద్దింది. చెవి నాకింది. నాకుతూ నాకుతూనే మెడ కొరికింది. రెండూ కింద పడి దొర్లాయి. వెనక కాళ్లతో పొట్టలో తన్నుకున్నాయి. ఇంత చేసినా చప్పుడు లేదు.

"అబ్బో!" అన్నాడు మామ. "నోరు మెదపకుండ కొట్టుకుంటున్నయంటె కత్తులు తీసే పగ."

"గంత కొట్టుకుంటె ఒక్క గీరుడు వడలేదేంది మరి?"

"లోపలి దెబ్బలే గవి. నీకు కనబడయ్."

దొర్లి దొర్లి అలిసిపోయి ఆ రెండూ లేచాయి. వీపుకు వీపు ఆనించి, ఒకటి వాకిలి వైపూ ఒకటి పొయ్యి వైపూ మొహం పెట్టి కళ్లు సగం మూసుకున్నాయి. దాంతో మామకు ఇక అనుమానమే లేకపోయింది. "ఒకదాని మొహం ఒకటి సూసుకుంటలేవు గద బుచ్చీ! పాపం ముంత! గిన్నొద్దులు గిసుంటి పగోనితోని ఒక్క ఇంట్ల ఎట్ల బతికిందో!"

అంగడి నాడు ముంతను బుట్టలో పెట్టుకుని గడీకి పోయాడు. "పగోని కాన్నుంచి ఇడిపిస్తున్న బిడ్డా, ఏడ్వకు" అని తొవ్వ పొడుగునా చెప్పాడట. పిల్లి ఏడవలేదు. ఏడ్చింది ఆయనే. బుట్ట దించి, యథావిధిగా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటపడ్డాడు.

ఆ సాయంత్రం నుంచే మా ఇల్లు ఇల్లులా లేదు. పట్వారీ, దొరసాని పాడిన పాట యుద్ధంలోకి దిగింది. మధ్యలో ముంత ఉన్నన్నాళ్లూ పట్వారీని ఆటలోకి లాగి ఆ చూపులు తెంపేది. ఇప్పుడు తెంపేదెవరు? కల్లు లొట్లు పగిలాయి. కారం డబ్బా బోర్లా పడి ఇంటిల్లిపాదీ తుమ్మారు. దొరసాని అటకెక్కి అక్కడే కాపురం పెట్టింది. పట్వారీ గోడ మీదికి చేరి గడీ వైపు మొహం పెట్టి ఒకటే అరుపు. చేప తలకాయ పెడితే వాసన చూసి వదిలేసింది. ఎలుకలు దాని కళ్ల ముందు నుంచే తాపీగా పోతుంటే తల కూడా తిప్పలేదు.

ఒకరోజు పొద్దున మామ తాటిచెట్టు కింద నిలబడి, అలవాటు ప్రకారం మోకును చేత్తో తడుముకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. పేట తెగి ఉంది. పంటిగాట్లు కొత్తవి. ఆయన చెట్టు మొదట్లోనే కూలబడ్డాడు. ఆ పూట కల్లు గీయకుండా మోకు భుజాన వేసుకుని ఇంటికి వస్తే, అత్త దాన్ని అందుకుని తెగిన పేటను వేలితో తడిమింది. తర్వాత అంది. అనకుండా ఉంటుందా?

"దోస్తులను ఒక్కకాడ ఉంచిన అన్నవ్. గిదేనా దోస్తీ? ముంత ఉన్ననాడు గీ మోకును ఒక్క ఎలుక ముట్టిందా? రేపు నువ్వు పైకెక్కినంక తెగుతె, నేనేం జెయ్యాలె?"

"గది వీపు వెట్టి కూసున్నదే! నా కండ్లతోని సూసిన."

అత్త గరిటె కింద పెట్టింది. "నేను ఇన్నేండ్లసంది నీకు వీపు వెట్టే పండుకుంటున్న. నీకు నేను పగదాన్నా?"

మామ మెడ గోక్కున్నాడు. "కల్లు వాసనకు అటు తిరుగుతవ్ గద..."

"మొదట్ల గందుకే. ఇప్పుడు నువ్వు ఎన్క ఉన్నవని నిద్ర వడ్తది. భయమున్నోడే ఎదురుంగ కూసొని సూపు తిప్పకుండ కాపలా కాస్తడు. నమ్మినోడు ఎన్క ఉంటె అటు సూసే పనేంది?"

మామ మోకును దూలానికి తగిలించి అరుగు మీద కూర్చున్నాడట. ఏ పక్క నుంచి ఆలోచించినా ఆయన చూపు తిప్పకుండా ఎదురుగా నిలబడే చోటు ఊళ్లో ఒక్కటే ఉంది, గడీ. అక్కడ ముంతను ఇచ్చి వచ్చాడు.

ముంతను ఎలా అడగాలో తెలియక ఆయన కొట్టుకుపోతుంటే, రాజలింగే కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "కాటిగా! నీ పిల్లి వెట్టి చేస్తలేదు!"

అది మామూలు మాట కాదు, మీకు తెలియాలి. చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే సంఘాలు పెట్టి, "వెట్టి చెయ్యం" అని కర్రలు పట్టుకుని నిలబడుతున్నారు. మా ఊళ్లో ఆ మాట ఇంకా ఎవరూ పైకి అనలేదు. ముందు మా పిల్లి అంది.

"ఎలుకలు ముంగటి నుంచే పోతున్నా సూస్తలేదు. పాలు పోస్తె తాగుతలేదు. దొర వస్తె, మల్ల చెప్తున్న, దొర వస్తె వీపు తిప్పి కూసుంటాంది! సంఘపోళ్లు నీ ఇంటికి గిట్ల వచ్చిండ్రా? దానికి ఎవలు నేర్పిండ్రు?"

"పిల్లి గదన్నా..."

"దొర ముంగట పిల్లయితేంది, మనిషయితేంది? నడువ్! దాన్ని తీసుకొని ఇంకోదాన్ని ఇద్దువు."

దొరసానిని ఇచ్చి పీడ వదిలించుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అది అటక మీది నుంచి దిగితేగా! నిచ్చెన వేసి పట్టబోతే మామ చెయ్యి రక్కి వదిలింది. తిండి లేక నీరసించిన పట్వారీ మాత్రం దొరికింది. అత్త దాన్ని బుట్టలో పెట్టుకుని, "నేను గూడ వస్త" అని వెంట నడిచింది. వెట్టి చెయ్యనన్న పిల్లి సంగతి అప్పటికే ఊరంతా పాకింది. కలుపు తీసేవాళ్లు చేలు వదిలి, బట్టలు ఉతికేవాళ్లు తడి చేతులతో, దాన్ని చూడటానికి వెనకే బయలుదేరారు. గడీ దర్వాజా దగ్గర అందరూ ఆగిపోయారు. మా వాళ్లిద్దరే లోపలికి వెళ్లారు.

దొర అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. వడ్ల కొట్టు గడప మీద ముంత, ఆయనకు వీపు పెట్టి, అక్కడ ఎవరూ లేనట్టే కూర్చుని ఉంది. చిక్కిపోయి దాని గుండ్రదనం సగం పోయింది. అత్త బుట్ట మూత తీసింది.

పట్వారీ తల పైకెత్తింది. తోక కర్రలా లేచింది. అంత నీరసంలోనూ ఉరికింది. ముంత ఇటు తిరిగింది. రెండూ ముక్కులు ఆనించుకున్నాయి, నెత్తులు రుద్దుకున్నాయి, చెవులు నాక్కున్నాయి. ఆ వెంటనే మెడలు కొరుక్కుంటూ కింద పడి, చప్పుడు లేకుండా తన్నుకుంటూ గడీ వాకిలంతా దొర్లాయి. దొర్లుతూ దొర్లుతూ దొరవారి చెప్పుల మీది నుంచి పోయాయి. ఒక చెప్పు తిరగబడింది. చివరికి ఆయన కాళ్ల ముందే ఆగి, ఒకదాని వీపుకు ఒకటి వీపు ఆనించి, హాయిగా కళ్లు మూసుకున్నాయి. ముంత వీపు ఇప్పుడు పట్వారీకి ఆనింది, దొరకు చూపించాల్సిన పని లేదు.

దర్వాజా దగ్గర ఒక ముసలమ్మ కిసుక్కుమంది. పక్కామె కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. గడీ గోడలు పుట్టిన నాటి నుంచి ఊరివాళ్ల నవ్వు వినలేదు, ఆ రోజు విన్నాయి.

"ఏందిరా గిది!" అన్నాడు దొర. రాజలింగు పిల్లుల మీదికి కర్ర ఎత్తాడు. మామ ఎప్పుడు కదిలాడో ఆయనకే తెలియదు. కర్రకూ పిల్లులకూ మధ్య నిలబడి ఉన్నాడు. చంకలోని తలగుడ్డ తీసి, రెండింటినీ కలిపి చుట్టి ఎత్తుకున్నాడు.

"కాటిగా! ఒకదాన్ని ఆడ వెట్టు."

"బాంచెన్ దొరా..." అన్నాడు మామ. గుడ్డలో పిల్లులు గురగురమంటున్నాయి. ఆ గురగుర ఆయన రొమ్ముకు తగులుతోంది. "ఇయ్య."

"ఏమన్నవ్?"

"ఇయ్య దొరా. ముంతను ఇయ్య, పట్వారీని ఇయ్య."

పట్వారీని ఇవ్వను అన్న మాటకు దొర ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఆయన ఇంకా నోరు తెరవకముందే మామ వెనక్కి తిరిగాడు. తాలూకాలో వెనక్కి నడవడంలో మేటి అయిన మనిషి, ఆ రోజు దొరకు నిండు వీపు చూపించి, ముందుకు చూస్తూ దర్వాజా వైపు నడిచాడు.

మా అత్త మాత్రం వెనక్కి వెనక్కి నడిచింది. మొహం దొర వైపే పెట్టి, ఖాళీ బుట్ట అడ్డంగా పట్టుకుని, తన వీపు మామ వీపుకు ఆనించి, అడుగులో అడుగు వేసింది. ఆడదానికైనా మర్యాద తెలుసని దొర అనుకుని ఉంటాడు. రాజలింగు కర్ర ఎటు లేస్తుందోనని ఆమె చూస్తోంది. ఊరి జనం నవ్వు ఆపి దారి ఇచ్చారు. ఇద్దరూ వీపులు విడవకుండా అలాగే దర్వాజా దాటారు.

తర్వాత కొట్టించలేదా అంటారా? కొట్టించాలనే ఉండి ఉంటుంది. కానీ ఊరు ఊరంతా చూసి నవ్వాక ఏ మొహంతో కొట్టిస్తాడు? మర్నాడు చాకలివాళ్లు గడీకి పోలేదు. ఆ తర్వాత కుమ్మరివాళ్లు పోలేదు. "పిల్లి పాటి చెయ్యమా?" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ మా ఊళ్లోనూ సంఘం పెట్టారు. కొన్నాళ్లకు దొర సామాను కట్టుకుని పట్నం పోయాడు. మా మోకును మళ్లీ ఎలుక ముట్టలేదు. దొరసాని అటక దిగింది గానీ ఆ రెండింటితో కలవలేదు. అత్త దాని గిన్నె వేరే మూల పెట్టింది. అన్నీ దోస్తులే కావాలని ఎక్కడుంది?

మామ మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. "రెండు చేతుల రెండు పిల్లులుంటె ఎన్కకు ఎట్ల నడుస్తరు? పడనా? గందుకే తిరిగిన" అనేవాడు. ఆ మాట అని, మా అత్తకు వీపు ఆనించి అరుగు మీద పడుకునేవాడు. ఆమె ఆ పక్కకు, ఈయన ఈ పక్కకు. తుపాకి కథ కోసం వచ్చినవాళ్లు అది చూసి, "మీ అత్తామామలకు పడదా అమ్మా?" అని నన్ను చాటుగా అడిగేవాళ్లు.

"అస్సలు పడదు" అని చెప్పి, బస్సు దారి చూపించేదాన్ని.